ఎక్కడినుంచి కోసినా

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండనే ఉంది గానీ, ఆఫీసులో దాన్ని పలికే నాథుడు లేడు. అందరికీ అతను ఏకవాక్యం. తోటి ప్రోగ్రామర్లు పేజీ నింపేసే పనిని అతను ఒక్క గీతలో తేల్చేస్తాడు, అందుకు పడ్డ పేరు. మిగతావాళ్ళు "ఇది తీసుకో, చూడు, పక్కన పెట్టు, ఇప్పుడు తర్వాతది తీసుకో" అని పసిపిల్లకి అన్నం తినిపించినట్టు కంప్యూటరుకి ఒక్కో అంకే అందిస్తూ కూర్చుంటారు. అతను రాసే భాషలో అంకెల వరుస మొత్తం ఒకటే వస్తువు. వరుసని పట్టుకో, ముక్కలుగా కొయ్యి, ప్రతి ముక్కనీ కూడు, వచ్చిన మొత్తాల్లో పెద్దది చెప్పు. నాలుగైదు గుర్తులు, ఒక వాక్యం, అంతే. పక్కవాళ్ళ ప్రోగ్రాములని అతను చీమల బారు అనేవాడు. రాసిన మర్నాడు అతని వాక్యం అతనికే అర్థం కాదని వాళ్ళు అనేవారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

ఆ ఆఫీసు పని తాడు బాగోగులు చూడటం. ఊరికీ, లోయ అవతల ఉన్న పింగాణీ కార్ఖానాకీ మధ్య రోప్‌వే నడుస్తుంది. రెండు కొసల్లో రెండు పెద్ద చక్రాలు, వాటి చుట్టూ తిరిగే ఒకే ఒక్క ఇనుపతాడు, ఆ తాడుని పట్టుకుని వేలాడే క్యాబిన్లు. కార్ఖానా జనం పనికి వెళ్ళడం, ఇంటికి రావడం అంతా దాని మీదే. బస్సులో కొండ చుట్టి వెళ్ళాలంటే పూట గడిచిపోతుంది. చూడ్డానికి అది ఒకటే తాడు గానీ నిజానికి సన్నటి ఉక్కు తీగలెన్నో కలిపి పేనిన పేట. చక్రాల మీద వంగీ వంగీ, కాలం గడిచేకొద్దీ ఆ తీగలు ఒక్కొక్కటే తెగుతుంటాయి. అక్కడొకటి ఇక్కడొకటి తెగితే తాడుకి లెక్కలేదు. ఒకేచోట గుంపుగా తెగితేనే ప్రమాదం.

అందుకని నెలకోసారి తాడుకి అయస్కాంతపు పెట్టె ఒకటి తగిలించి, తాడునంతా దాని గుండా నడిపిస్తారు. ఏ వేలెడు చోట ఎన్ని తీగలు తెగాయో ఆ పెట్టె చెబుతుంది. ఆ అంకెలన్నీ ఒక పొడుగాటి వరుసై ఏకవాక్యం దగ్గరికి వస్తాయి. దాదాపు అన్నీ సున్నాలే, మధ్యమధ్య ఒకటీ, ఎప్పుడైనా రెండూ. అతని వాక్యం ఆ వరుసని మీటరు చొప్పున కోసి, ఏ ముక్కలో ఎన్ని తీగలు తెగాయో కూడి, అన్నిటిలోకీ పెద్ద లెక్క బయటపెడుతుంది. అది పది దాటితే తాడు దింపెయ్యాలి. దాటకపోతే అతను సంతకం పెడతాడు, తాడు మరో నెల తిరుగుతుంది. ఆ సంతకం అతనొక్కడిదే. అతను కంట్రోలు గదికి ఫోన్ చేసి ఆపమంటే బండి ఆగాల్సిందే, మేనేజరు కూడా కాదనడానికి లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ అవసరం ఒక్కసారీ రాలేదు.

కొయ్యడం ఆఫీసులో మొదలై ఇంటిదాకా పాకిన జబ్బు. ఏ చిక్కు వచ్చినా అతను ముక్కలు చేసుకుంటాడు. ఈ వారం సంగతి ఈ వారం, వచ్చే వారం సంగతి అప్పుడు చూద్దాం అంటాడు. ముక్కలుగా చూస్తే ఏ ముక్కా మొయ్యలేనంత బరువుండదని అతని సిద్ధాంతం. భార్య దీనికి ఒప్పుకోదు. ఆమె కారు నడపడం నేర్పే స్కూల్లో పని చేస్తుంది. రోజంతా పరాయివాళ్ళ కాళ్ళు బ్రేకు మీద ఉన్నాయో లేవో కనిపెట్టుకుని బతికే మనిషి. నీ ముక్కలన్నీ కలిపి మోసేదాన్ని నేనే కదా, నీకేం తెలుస్తుంది బరువు అంటుంది. ఆ మాటకి అతను నవ్వేసి ఊరుకుంటాడు.

ఇక ఆమె తమ్ముడు. రోప్‌వేలో వాణ్ణి పిట్ట అంటారు. పైకప్పు లేని ఇనుప తొట్టి ఒకటి తాడుకి వేలాడదీసి, అందులో నిలబడి, స్తంభం స్తంభం దగ్గర గిలకలు చూసుకుంటూ లోయ మీద తిరగడం వాడి ఉద్యోగం. తల్లీ తండ్రీ లేని పిల్లాడిని అక్కే పెంచింది. బావ అక్కని చేసుకుంటే నేను ఉచితంగా వచ్చానని వాడే చెప్పుకుంటాడు. బావా బావమరుదుల మధ్య ఉండాల్సిన వేళాకోళమంతా వాళ్ళ మధ్య ఉంది, పైకి కనపడని ప్రేమా ఉంది. తాడు మీద భయం వెయ్యదా అని ఎవరైనా అడిగితే పిట్ట ఛాతీ విరుచుకుని చెప్పేవాడు: "మా బావ ప్రతి నెలా తాడుని కోసి చూసి మరీ నన్ను ఎక్కిస్తాడు. నాకెందుకు భయం?" ఏకవాక్యం ఆ మాట విననట్టు నటించేవాడు గానీ, విన్న రోజు ఇంటికి హుషారుగా వెళ్ళేవాడు.

ఆ రోజు పొద్దున కొలతలావిడ వచ్చింది. అయస్కాంతపు పెట్టెని నడిపేది ఆవిడే. యాభై దాటిన మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆ నెల అంకెలు పంపించి, వెనకాలే తానూ వచ్చి కూర్చుంది. తాడు మీద ఎప్పుడూ మొదలుపెట్టే రంగు గుర్తు గ్రీజు కింద చెరిగిపోయిందనీ, వెతకలేక విసుగొచ్చి మూరెడు ఇవతల కొత్త గుర్తు పెట్టుకుని అక్కణ్ణుంచి కొలిచాననీ చెప్పింది. చుట్టూ తిరిగొచ్చే తాడుకి మొదలేమిటి చివరేమిటి, ఎక్కడినుంచైనా ఒకటే అన్నాడు ఏకవాక్యం. అంటూనే తన వాక్యాన్ని నడిపాడు. తెర మీద పద్నాలుగు అని వచ్చింది.

కిందటి నెల వచ్చింది ఏడు. నెలలో రెట్టింపు కావడమేమిటి, నీ పెట్టెకి జ్వరమొచ్చినట్టుంది అన్నాడు. ఆవిడ ఉడుక్కోలేదు. పెట్టె బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను, నీ వాక్యానికే ఒకసారి నాడి పట్టి చూడు అంది.

అతను కిందటి నెల వరుసనీ, ఈ నెల వరుసనీ పక్కపక్కన పెట్టి ఆ చోటు వెతికాడు. చూసేసరికి నవ్వు ఆగిపోయింది. రెండు వరుసల్లోనూ అవే అంకెలు. ఈ నెల కొత్తగా అక్కడ ఒక్క తీగ కూడా తెగలేదు. తెగిన తీగలన్నీ చారెడు చోట గుంపుగా ఉన్నాయి, కిందటి నెలా అలాగే ఉన్నాయి. కానీ కిందటి నెల అతని కోత సరిగ్గా ఆ గుంపు నడిమధ్య పడింది. ఏడు తీగలు ఒక ముక్క చివరికి పోయాయి, ఏడు తర్వాతి ముక్క మొదటికి పోయాయి. ఏడూ ఏడూ విడివిడిగా పదికి లోపే. ఈ నెల కోత మూరెడు జరిగింది గనక పద్నాలుగూ ఒకే ముక్కలో పడ్డాయి. మారింది తాడు కాదు, కత్తి పడిన చోటు.

అతను లేచి అలమారలోంచి నిబంధనల పుస్తకం తీశాడు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు, అయినా కళ్ళతో చూడాలనిపించింది. తాడులో ఏ మీటరు పొడవు తీసుకున్నా అందులో పదికి మించి తీగలు తెగి ఉండరాదు అని ఉంది. ఏ మీటరు తీసుకున్నా. అతను ఇన్నాళ్ళూ దాన్ని మొదటి మీటరు, రెండో మీటరు, మూడో మీటరు అని చదువుకున్నాడు. అతని భాషలో వరుసని సమానంగా కొయ్యడం అంత తేలిక, అంత అందం. ప్రతి అంకె ఒక్క ముక్కకే చెందుతుంది, ఏదీ మిగలదు, ఏదీ రెండుసార్లు రాదు. ఆ శుభ్రత చూసి మురిసిపోయాడే తప్ప, తాడుకి తన ముక్కల సంగతి తెలియదన్న ఆలోచనే రాలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది అతని పని.

కొలతలావిడ చూస్తుండగానే వాక్యంలో ఒక్క గుర్తు మార్చాడు. ఇప్పుడది వరుసని తెగ్గొట్టదు. మీటరు పొడవున్న కిటికీని ఒక కొస నుంచి వేలెడు వేలెడు జరుపుకుంటూ పోయి, ప్రతి చోటా ఆగి కూడుతుంది. ఒకే అంకె ఎన్నో ముక్కల్లోకి వస్తుంది, ఏ గుంపూ అంచు మీద పడి తప్పించుకోలేదు. మారిన వాక్యాన్ని పాత నెలల వరుసల మీద నడిపాడు. కిందటి నెల పద్నాలుగు. అంతకు ముందు పదమూడు. ఇంకా వెనక్కి వెళితే పన్నెండు. ఆ నెలలన్నిటికీ కింద అతని సంతకం ఉంది. ఆ సంతకాల మీద ఎంతమంది లోయ దాటారో ఊహించడానికి మనసు రాలేదు.

"ఆపించు," అంది కొలతలావిడ. కిటికీలోంచి చూస్తే స్టేషన్లోంచి క్యాబిన్లు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తూ కనిపిస్తున్నాయి. పొద్దుటి జనం.

ముందు మేనేజరుకి చెప్పి వస్తానని అతను లేచాడు. ఎందుకు చెప్పాలో అతనికీ తెలియదు. కాళ్ళు అటు నడిచాయి.

మేనేజరు దుర్మార్గుడేమీ కాదు. శ్రద్ధగా విన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అంతా విని నెమ్మదిగా మాట్లాడాడు. ఇదే తాడు నెలల తరబడి ఇలాగే ఉందంటున్నారు, ఇన్నాళ్ళూ తిరిగింది కదా. కొత్త తాడు ఎలాగూ ఓడెక్కింది, రేపో మాపో వస్తుంది. ఇప్పుడు బండి ఆపితే కార్ఖానా ఆగుతుంది, కొలిమి చల్లారితే మళ్ళీ వెలిగించడానికి నెలలు పడుతుంది, ఆ జనమంతా ఏమైపోవాలి? పైగా కోత ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నిబంధనల్లో రాసి లేదు కదా. పాత గుర్తు దగ్గరే మొదలుపెట్టండి. అప్పుడు ఎంత వస్తుంది? ఏడు. ఏడంటే అబద్ధం కాదు కదా.

"మిమ్మల్ని దొంగలెక్క రాయమనడం లేదు," అన్నాడు మేనేజరు. "ఎప్పటిలాగే కొయ్యమంటున్నాను. మధ్యాహ్నం పెద్దవాళ్ళతో ఫోన్లో మాట్లాడదాం. అందాకా ఒక పూటే కదా."

ఒక పూట. సరిగ్గా ఏకవాక్యం మోయగలిగేంత ముక్క అది. ఇంతకాలం నిలబడ్డ తాడు మధ్యాహ్నం దాకా నిలబడదా అనుకున్నాడు. తను చెప్పాల్సింది చెప్పేశాడు, మేనేజరు చూస్తానన్నాడు, పైవాళ్ళు తేలుస్తారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, పంచుకుంటే తన వాటాకి ఎంత వస్తుంది? సరేనని తలూపి బయటికొచ్చాడు.

వరండాలోకి వచ్చాక పిట్ట గుర్తొచ్చాడు. పిట్ట క్యాబిన్లో కూర్చునే జనంలో ఒకడు కాదు. ఒకసారి దాటేసి దిగిపోడు. రోజంతా ఆ తాడు మీదే ఉంటాడు. ఏకవాక్యం వెంటనే ఫోన్ తీశాడు. పిట్ట ఇంకా స్టేషన్లోనే ఉన్నాడు, తొట్టిలోకి సామాను ఎక్కిస్తున్నాడట. అక్కకి కళ్ళు తిరిగాయిరా, ఇంట్లో పడుకుంది, నేను మీటింగులో ఇరుక్కుపోయాను, నువ్వు సెలవు పెట్టేసి వెళ్ళు అని చెప్పాడు. తడుముకోకుండా చెప్పాడు. పిట్ట ఇంకో మాట అడగకుండా పరిగెత్తాడు. ఏకవాక్యం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మనసు ఒక్కసారిగా తేలికపడింది. అలా తేలికపడినందుకు అప్పుడు సిగ్గు కూడా వెయ్యలేదు.

అబద్ధం చెప్పేవాడు ముందు భార్యకి చెప్పి చెప్పాలి. పిట్ట ఇంటికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. భయపడి అక్కకి ఫోన్ చేస్తే, ఆమె నాలుగు రోడ్ల కూడలిలో, గేరు మార్చడం రాని ఒక పెద్దాయన పక్కన కూర్చుని, వెనక హారన్లు కొట్టేవాళ్ళని తిడుతూ ఉంది. కళ్ళు తిరగడమేమిట్రా, నా తలే తిరిగేలా ఉంది ఈయనతో, అంది. పిట్ట అక్కడినుంచి నేరుగా ఆఫీసుకి వచ్చాడు.

కోపంగా రాలేదు, అదే చిక్కు. నవ్వుతూ వచ్చాడు. ఏంటి బావా, నాకేదో సంబంధం చూపించడానికి పిలిపించావా అంటూ వచ్చాడు. ఏకవాక్యం తలుపు వేసి, గొంతు తగ్గించి, జరిగింది చెప్పాడు. కోతా, గుంపూ, ఏడూ ఏడూ, మధ్యాహ్నం ఫోనూ అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ పిట్ట ముఖంలో నవ్వు ఇంకిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి తాడువైపు చూశాడు.

"నా బదులు మామ ఎక్కాడు," అన్నాడు.

మామంటే గ్రీజు మామ. ఎవరికీ వరసకి మామ కాదు, అందరికీ మామే. రిటైరు కావలసిన వయసు దాటినా తాడుని వదలని మనిషి. పిట్టకి తొట్టిలో నిలబడటం నేర్పింది అతనే. ఏకవాక్యం ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. కుళాయి కారినా, తలుపు కీచుమన్నా పిలిస్తే వచ్చేవాడు.

"మామకి ఫోన్ చేశావా బావా?"

ఏకవాక్యం చెప్పుకొచ్చాడు. నీకు ఫోన్ చేస్తే అది ఇంటి విషయం, మామకి చేస్తే అది బండి ఆపడంతో సమానం, ఒకరికి చెబితే అందరికీ చెప్పాలి, అందరికీ చెబితే గందరగోళం, అది మేనేజరు నిర్ణయం, మధ్యాహ్నం దాకా ఆగితే ఒక పద్ధతిగా జరుగుతుంది. మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని చక్కగానే వచ్చాయి. ఆపే అధికారం నీకుంది కదా అని పిట్ట అడగలేదు. బావని కొత్తగా చూస్తున్నట్టు ఒకసారి చూసి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికే వెళ్ళాడనుకున్నాడు ఏకవాక్యం. అనుకోవాలనుకున్నాడు.

ఎంతో సేపు కాలేదు, ఫోన్ మోగింది. అవతల గాలి హోరు.

"తొట్టిలో ఉన్నాను," అన్నాడు పిట్ట. "మామ అవతల్నుంచి ఒక చుట్టు తిరిగొచ్చాడు, స్టేషన్లో దింపేశాను. ఇప్పుడే నేను బయల్దేరాను."

దిగరా అన్నాడు ఏకవాక్యం.

"ఎక్కడ దిగను, లోయలోనా? నువ్వు ఆపేదాకా తిరుగుతూనే ఉంటాను బావా. పొద్దున్నించీ ఇంతమంది తాడు మీద ఉంటే నీకు ఏడు కనిపించింది. నేనుంటేనే పద్నాలుగు కనిపిస్తుందంటే, సరే, నేనుంటాను."

ఫోన్ పెట్టేశాడు.

ఏకవాక్యం మేనేజరు గదివైపు వెళ్ళలేదు. బల్ల మీది ఫోన్ తీసి కంట్రోలు గదికి, తాడు మీద సంతకం చేసేవాణ్ణి మాట్లాడుతున్నాను, బండి ఆపండి అని చెప్పాడు. అవతలివాడు ఎందుకని కూడా అడగలేదు. కిటికీలోంచి చూస్తుండగా క్యాబిన్లన్నీ ఒకసారి ముందుకి ఊగి, వెనక్కి ఊగి, గాల్లో నిలబడిపోయాయి. ఇంత తేలికా అనిపించింది. ఈ ఒక్క మాట పొద్దున్నే అనొచ్చు. అనడానికి తనకి ఏమి అడ్డొచ్చిందో ఎంత వెతుక్కున్నా చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు.

ఆపడంతో అయిపోలేదు. గాల్లో ఉన్న జనాన్ని దింపాలంటే తాడు మళ్ళీ కదలాలి. కదిలితే ఆ చెడ్డ చోటు చక్రం మీదికి రాకూడదు, తాడు బాగా వంగేది అక్కడే. కొలతలావిడ తన పెట్టె లెక్కలు పట్టుకుని కంట్రోలు గదికి వెళ్ళింది. అదృష్టం ఏమిటంటే ఆ చోటు అప్పుడే అవతలి చక్రం దాటి ఇటువైపు బయల్దేరింది. నెమ్మదిగా నడిపితే, అది ఇవతలి చక్రం చేరేలోపు క్యాబిన్లన్నీ ఏదో ఒక ఒడ్డుకి చేరిపోతాయి. పొద్దునంతా అది ఎన్నిసార్లు రెండు చక్రాలూ చుట్టి వచ్చిందో అన్న సంగతి ఆవిడా ఎత్తలేదు, వినేవాళ్ళూ ఎత్తలేదు.

నత్తనడకన తాడు కదిలింది. ఏకవాక్యం స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. ఒక్కో క్యాబినూ వచ్చి ఆగుతుంటే జనం దిగుతున్నారు. రాత్రి షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు, నిద్ర కళ్ళవాళ్ళు, ఆలస్యమైనందుకు విసుక్కునేవాళ్ళు. ఒకావిడ దిగుతూ దిగుతూ, మీ బండికి రోజూ ఏదో ఒక రోగమే అని అతన్నే తిట్టి వెళ్ళింది. అతను తల వంచుకుని తిట్టించుకున్నాడు. ఇదివరకు అంకెల వరుసని చూసినట్టు ఆ మనుషుల్ని చూడలేకపోయాడు. ఒక్కొక్కళ్ళ ముఖమూ విడిగా చూశాడు. ఇటునుంచి చివర బయల్దేరిన తొట్టి మాత్రం దూరంగా చుక్కలా కనిపిస్తూ, అవతలి స్టేషన్లోకి వెళ్ళడానికి ఎక్కువ సేపు తీసుకుంది. అది లోపలికి వెళ్ళిందని అవతల్నుంచి కబురొచ్చాక గానీ అతను కూర్చోలేదు.

ఈలోగా భార్య వచ్చింది. గేరు మార్చడం రాని పెద్దాయనే నడుపుకుంటూ తీసుకొచ్చాడు. పిట్ట ఫోన్లో ఆమెకి ఎంత చెప్పాడో తెలియదు గానీ, సగమైనా చెప్పినట్టే ఉంది. ఆమె భర్త వైపు చూసి, ముందు వాణ్ణి రానీ అంది. పిట్ట రావాలంటే అవతల్నుంచి బస్సులో కొండ చుట్టి రావాలి. ఆమె గేటు దగ్గర రోడ్డువైపు తిరిగి నిలబడింది.

తాడు ఆగిన చోట, చక్రానికి ఇవతలగా, ఆ చెడ్డ మీటరు ప్లాట్‌ఫాం పక్కనే చేతికందేంత ఎత్తులో ఉంది. గ్రీజు మామ గుడ్డ తీసుకుని దాన్ని తుడిచాడు. గ్రీజు పోయాక లోపలిది బయటపడింది. తెగిన తీగల కొసలు పాత చీపురుకట్టలా నాలుగువైపులా విచ్చుకుని ఉన్నాయి. పైవి కాక లోపలివి కూడా తెగాయని మామ వేలు పెట్టి చూపించాడు. పెట్టె చెప్పినదానికంటే ఎక్కువే. చూడ్డానికి వచ్చిన మేనేజరు అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. మధ్యాహ్నం మాట్లాడాల్సిన ఫోనేదో ఇప్పుడే మాట్లాడతానని వెళ్ళిపోయాడు.

మామ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏకవాక్యం పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మామ ముఖం పాలిపోయి ఉంది. పొద్దున అదే తాడు మీద, పైకప్పు లేని తొట్టిలో ఒక చుట్టు చుట్టి వచ్చాడు కదా. ఏకవాక్యం చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఆ చేతులకి ఇంకా గ్రీజు ఉంది.

"నీ పుణ్యమా అని బతికాం బాబూ," అన్నాడు. "తెలిసిన నిమిషంలో ఆపేశావు. ఇంకొకడైతే పైవాళ్ళని అడగాలి, కాగితం రావాలి అని కూర్చునేవాడు."

భార్య గేటు దగ్గర అలాగే నిలబడి ఉంది, ఇటు తిరగలేదు. వింటూందో లేదో తెలియలేదు. పిట్ట రావడానికి ఇంకా చాలా సేపుంది, వాడు వచ్చినా మామ ముందు నోరు విప్పడు. అవునని ఊరుకుంటే సరిపోతుంది. ఎప్పటిలాగే ఈ కాస్త ముక్కనీ పక్కకి తోసేస్తే సరిపోతుంది. ఏకవాక్యం అది కూడా ఆలోచించాడు.

"తెలిసిన నిమిషంలో కాదు మామా. పొద్దున్నే తెలిసింది. తెలిశాక పిట్టకి ఫోన్ చేశాను. వాడొక్కడికే చేశాను. అబద్ధం చెప్పి వాణ్ణి దింపాను. అందుకే వాడి బదులు నువ్వెక్కావు."

మామకి వెంటనే అర్థం కాలేదు. అర్థమవుతున్నకొద్దీ పట్టుకున్న చేతులు వదులయ్యాయి గానీ, తీసెయ్యలేదు. మామ ఎదురుగా ఉన్న తాడువైపు చూశాడు, తన చెప్పులవైపు చూసుకున్నాడు. కోప్పడతాడేమోనని ఏకవాక్యం ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. మామ ఎదుటివాడు సిగ్గుపడటం చూడలేని మనిషి, ఏదో ఒక దారి చూపించాలి కదా.

"హడావిడిలో ఏం తోస్తుంది లే," అన్నాడు. "అయినా నా నంబరు నీ దగ్గర ఉండి ఉండదు."

"ఉంది మామా," అన్నాడు ఏకవాక్యం.